మేడ మీది వాటర్ ట్యాంకుతో మొదలుపెట్టమనండి

"విజయనగరంలో డిప్లొమా చదువుతున్న మా తమ్ముడు కోర్సులో చేరకుండా మైక్రోకంట్రోలర్ (పరికరాల్ని నడిపే చిన్న కంప్యూటర్ చిప్) ప్రోగ్రామింగ్ నేర్చుకోగలడా? ఏ కిట్ కొనాలి?" అని అడిగారు.

నేర్చుకోగలడండీ. ముప్పై ఏడు సెన్సర్ల కిట్ మాత్రం కొనొద్దు. దొరికిన కోడ్ అతికించడం, వెలిగితే పక్కన పెట్టేయడం, అంతే జరుగుతుంది. ఆర్డునో నానో అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు, టంకం లేకుండా తీగలు గుచ్చే బ్రెడ్‌బోర్డు, బీసీ547 ట్రాన్సిస్టర్, 5 వోల్టుల బజర్, 1కే, 100కే (కే అంటే వెయ్యి ఓములు) రెసిస్టర్లు, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ చాలు. చిల్లర సామాను టీవీలు బాగుచేసే కొట్లో అడగండి. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్‌తో కంప్యూటర్‌కి బోర్డు కనపడదు, అది ముందే చూసుకోవాలి. చవక నానో అయితే దాని యూఎస్‌బీ చిప్ కోసం కంప్యూటర్‌లో సీహెచ్340 డ్రైవర్ వెయ్యాలి. అప్పటికీ కోడ్ ఎక్కకపోతే ఆర్డునో సాఫ్ట్‌వేర్‌లో ప్రాసెసర్ కింద 'ఓల్డ్ బూట్‌లోడర్' ఎంచుకోవాలి.

చేయాల్సింది ట్యాంకు నిండితే మోగే అలారం. మోటారు వేసి మర్చిపోయి వీధిలోకి నీళ్లు వదిలే ఇల్లు ప్రతి సందులోనూ ఉంటుంది కదా!

ముందు బల్ల మీద గ్లాసుడు నీళ్లతో చెయ్యాలి. అందులో రెండు స్టీలు స్క్రూలు తగలకుండా నిలబెట్టి, ఒకటి నానోలో కరెంటు ఇచ్చే డీ7 పిన్‌కి, రెండోది వోల్టేజీని అంకెగా చదివే ఏ0 పిన్‌కి కలపాలి. నీళ్లు తీసేసి, బోర్డు పంపే అంకెల్ని కంప్యూటర్‌లో చూపే సీరియల్ మానిటర్‌లో చూస్తే ఏ0 అంకెలు ఊరికే తిరుగుతుంటాయి. గాల్లో వేలాడే పిన్ ఇంటి కరెంటు 50 హెర్ట్జ్ రొదని పట్టుకుంటుంది. ఏ0 నుంచి గ్రౌండ్‌కి 100కే, దానికి సమాంతరంగా కెపాసిటర్ పెడితే అంకె సున్నా దగ్గరికి దిగుతుంది. ఈ తేడా కళ్లతో చూడాలి. రికార్డు బుక్కులో సర్క్యూట్ బొమ్మలు ఎత్తి రాసుకుంటే ఇది ఎన్నేళ్లకీ తెలీదు, ల్యాబులంటే నా బాధంతా అదే.

డీ7ని అస్తమానం ఆన్‌లోనే ఉంచకూడదు. నీళ్లలో డీసీ ఆగకుండా పారితే విద్యుద్విశ్లేషణ జరిగి పాజిటివ్ వైపు లోహాన్ని తినేస్తుంది. రాగి తీగైతే మరీ తొందరగా పోతుంది. 5 సెకన్లకోసారి ఆన్ చేసి, కెపాసిటర్ నిండటానికి 30 మిల్లీసెకన్లు ఆగి, చదివి, ఆపెయ్యాలి.

నీళ్లు అలలాడితే బజర్ తడబడుతుంది. అందుకని ఏ0 అంకె 500 దాటితే మోగాలి, 300 కిందికి దిగితేనే ఆగాలి. అంకెలు మీ నీళ్లని బట్టి మార్చుకోండి. బజర్‌ని పిన్‌కి నేరుగా కాకుండా, బేస్‌కి 1కే పెట్టి బీసీ547 ద్వారా నడపాలి.

తర్వాత అలారం ఆపే బటన్ పెట్టమనండి. 5 సెకన్లు ఆగడానికి వాడిన డిలే(5000) నడుస్తున్నంతసేపూ బటన్ నొక్కినా పట్టించుకోదు. అప్పుడు బోర్డు ఆన్ అయ్యాక గడిచిన మిల్లీసెకన్లు చెప్పే మిల్లిస్ ఎందుకో దానంతటదే అర్థమవుతుంది. ఆ విలువని ఇంట్ అనే చిన్న అంకెల రకంలో దాస్తే 32,767 దాటగానే, అంటే 32 సెకన్లకే లెక్క తప్పుతుంది. పెద్ద అంకెలు పట్టే అన్‌సైన్డ్ లాంగ్ వాడాలి.

230 వోల్టుల మోటారు జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. అలారం నమ్మకంగా మోగాక, అదే కోడ్‌లో డీ7ని ఆర్డునో ఆదేశాలతో కాకుండా, చిప్ లోపల పిన్‌లని నడిపే పోర్ట్‌డీ రిజిస్టర్‌లోని 7వ నంబరు బిట్‌తో నేరుగా నడపమనండి. దానికి నానోలోని చిప్ ఏటీమెగా328పీ డేటాషీట్ తెరవక తప్పదు.