వంటింటి సందేహాలు: వెండి చెంచా ఎందుకు చురుక్కుమంది?

ప్రశ్న: అన్నప్రాశనలో మనవరాలికి పెడదామని వేడి పాయసంలో వేసిన వెండి చెంచా తీయబోతే వేళ్లు చురుక్కుమన్నాయి. అదే గిన్నెలో ఉన్న స్టీలు గరిటె కాడ మాత్రం చల్లగానే ఉంది. రెండూ లోహాలే కదా!
– ఒక అమ్మమ్మ, తెనాలి

జవాబు: లోహాలే, కానీ అన్నీ ఒకే వేగంతో వేడిని మోయవండి. లోహాల్లో ఈ పనికి వెండిదే మొదటి స్థానం, రాగి దాని వెనకే ఉంటుంది. స్టెయిన్‌లెస్ స్టీలు వెండిలో ఇరవయ్యో వంతు కూడా మోయలేదు. తుప్పు పట్టకుండా ఇనుములో కలిపే క్రోమియం, నికెల్ వల్ల వచ్చిన మందకొడితనం అది. గరిటె విషయంలో అది మనకు మేలే చేస్తుంది. గిన్నె దగ్గరికొచ్చేసరికి మాత్రం మంట తగిలిన చోటి వేడి పక్కలకు పాకక, అక్కడే పాయసం అడుగంటుతుంది. స్టీలు గిన్నెల అడుగున రాగి పూతో, అల్యూమినియం పొరో వేసి ఎక్కువ ధరకు అమ్మేది ఇందుకే. పాయసం చేసేవాళ్లు ఆ డబ్బు పెట్టొచ్చని నా అభిప్రాయం.

పాప సంగతి ముఖ్యం. వెండి చెంచా తన వేడిని పెదవికి కూడా అంతే వేగంగా ఇచ్చేస్తుంది. పాయసం విడిగా చిన్న గిన్నెలోకి తీసి, చల్లారాక చెంచా ముంచండి. చెంచాను మీ మణికట్టు లోపలివైపు ఆనించి చూశాకే పాప నోటికి అందించండి.

ప్రశ్న: పొడి మసిగుడ్డతో దించితే కాలని గిన్నె, తడిగుడ్డతో పట్టుకుంటే ఎందుకు కాలుతుంది?
– కొత్త కోడలు, కరీంనగర్

జవాబు: పొడిగుడ్డ పోగుల మధ్య గాలి ఉంటుంది, గాలి వేడిని సరిగా మోయదు. తడిపితే అక్కడ నీళ్లు చేరతాయి. నీళ్లు గాలికంటే ఇరవై రెట్లకు పైగా మోస్తాయి.

ప్రశ్న: పాలగిన్నె మీద చెక్క గరిటె అడ్డంగా పెడితే పొంగవంటారు, నిజమేనా?
– పెళ్లికాని ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: కాసేపు నిజం. మీగడ కింద చిక్కుకున్న ఆవిరి నురగై పైకి లేస్తుంది. పొడి చెక్క తగిలి కొన్ని బుడగలు పగులుతాయి. చెక్క తడిసి వేడెక్కాక ఆ ఆటలు సాగవు. గరిటె పెట్టాం కదా అని ఫోన్ పట్టుకుని హాల్లో కూర్చోకండి బాబూ.

గట్టు పాడవడం కాదు నా బెంగ. పొంగిన పాలకు మంట ఆరిపోయినా గ్యాసు వస్తూనే ఉంటుంది. మామూలు పొయ్యి తనంతట తాను ఆపుకోలేదు. వంటగ్యాసు గాలికంటే బరువు, నేలమీదే పేరుకుంటుంది. వాసన వస్తే ముందు నాబ్, రెగ్యులేటర్ కట్టేసి తలుపులూ కిటికీలూ తీయండి. లైటు గానీ ఎగ్జాస్ట్ ఫ్యాన్ గానీ వేయొద్దు, వెలుగుతున్నవి ఆర్పనూ వద్దు. స్విచ్‌లో పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు. వాసన తగ్గకపోతే బయటికి వచ్చేసి 1906కు ఫోన్ చేయండి.

ప్రశ్న: మోజుపడి కళాయి పూసిన ఇత్తడి గిన్నె కొన్నాను. రోజూ అందులోనే పోపు వేస్తుంటే లోపల తెల్లపూత పోయి పచ్చగా కనిపిస్తోంది.
– గృహిణి, కాకినాడ

జవాబు: కళాయి అంటే తగరం. 232 డిగ్రీల సెల్సియస్‌కే కరిగిపోతుంది. పెద్ద మంట మీద ఖాళీ గిన్నెకు ఆ వేడి ఇట్టే వచ్చేస్తుంది. దానికి తోడు స్టీలు అట్లకాడతో గీకుతుంటే పూత ఎలా నిలుస్తుంది? ఇకపై పోపు ఇనుప గరిటెలో విడిగా వేసి కలపండి, కలపడానికి చెక్క గరిటె వాడండి. పచ్చగా కనిపించేది ఇత్తడే. పులుసు, చారు, మజ్జిగ అందులో పెడితే రాగి దిగి చిలుమెక్కుతాయి, వాంతులవుతాయి. కళాయివాళ్లు ఇప్పుడు వీధుల్లోకి రావడం తగ్గింది గనుక ఇత్తడి సామాన్ల కొట్లో వాకబు చేయండి. మళ్లీ పూత వేయించేదాకా ఆ గిన్నెలో స్నానానికి నీళ్లు కాచుకోండి.