అల్లుడికి, ఆ సగం క్రెడిట్ల సంగతి

అల్లుడూ,

ఇగ్నో ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీకి కడుతున్నావని అక్క ఫోన్ చేసి చెప్పింది. వినగానే కడుపు నిండిపోయింది. "సగం డిగ్రీ ఆర్మీయే ఇస్తుందట, ఇంక చదివేదేముంది" అని కూడా అన్నావట. నాకు టెన్షన్ పట్టుకున్నది అక్కడే.

నీలాంటి అగ్నివీరుల డిగ్రీలో సగం క్రెడిట్లు, అంటే డిగ్రీకి లెక్కేసే పాయింట్లు, మీ ట్రైనింగ్‌కు వస్తాయన్నది నిజం. 2022లో అగ్నిపథ్ పథకం తెచ్చినప్పుడే కేంద్రం ఆ మాట చెప్పింది. వర్క్‌షాపులో నువ్వు విప్పి బిగించిన ఇంజన్లు ఊరికే పోవు. మిగతా సగం మాత్రం పుస్తకం పట్టి చదవాల్సిందే. ఏడాదికి ఆపితే సర్టిఫికెట్, రెండేళ్లకు డిప్లొమా, మూడేళ్లూ పూర్తిచేస్తేనే డిగ్రీ. అసైన్‌మెంట్లు టైముకు పంపు. రీ-రిజిస్ట్రేషన్ తేదీ దాటనివ్వకు. నీకు ఇంటర్ ఉంది, బాధ లేదు. పదితో చేరిన నీ దోస్తులకు ఎన్‌ఐఓఎస్ అనే ఓపెన్ స్కూల్ ద్వారా పన్నెండో తరగతి దారి ఉందని చెప్పు.

ఆర్మీ సిగ్నల్స్‌లో నాతో చేసిన పరకాల హవల్దార్ గుర్తున్నాడా? నీకు చిన్నప్పుడు బ్యాట్ కొనిచ్చినాయన. పదో తరగతి, ఆర్మీ స్పెషల్ సర్టిఫికెట్ ఆఫ్ ఎడ్యుకేషన్, పదిహేనేళ్ల సర్వీసు ఉంటే మాజీ సైనికుల కోటాలో క్లర్కు లాంటి గ్రూప్-సి ఉద్యోగాలకు డిగ్రీ ఉన్నట్టే లెక్కేస్తారు. పెన్షన్ మీద వచ్చేటప్పుడు డిగ్రీతో సమానమని రాసిన కాగితం ఆయన చేతికిచ్చారు. దాన్ని లామినేషన్ చేయించుకున్నాడు. దాంతోనే బ్యాంకులో క్లర్కు అయ్యాడు. అందరూ గ్రాడ్యుయేట్ అంటుంటే తనూ నమ్మేశాడు. ఎల్‌ఎల్‌బీ చేస్తానని హనుమకొండలో కోచింగ్‌కు డబ్బు కట్టాడు, రాత్రుళ్లు కూచుని చదివాడు, ఎంట్రెన్సులో ర్యాంకు తెచ్చుకున్నాడు. తీరా సర్టిఫికెట్లు చూసే రోజు, "డిగ్రీ మార్కుల మెమో ఏది?" అన్నారు. ఆ కాగితం మీద మార్కులు లేవు, యూనివర్సిటీ పేరు లేదు. అది ఉద్యోగానికి పనికొచ్చేదే గానీ చదువుకు కాదు. ఆ విషయం ఆయనకు ముందు ఎవరూ చెప్పలేదు, ఆయనా అడగలేదు.

ఆ సాయంత్రం మా ఇంటికొచ్చి ఫైలు ఒళ్లో పెట్టుకుని కూచున్నాడు. చాయ్ ముట్టలేదు. "దేశం కోసం అన్నేళ్లు చేస్తే నేను డిగ్రీవాణ్ని కాదా?" అన్నాడు. ఏం చెప్పను? తర్వాత అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో మొదటి ఏడాది నుంచి మొదలుపెట్టాడు, కొడుకు వయసు పిల్లలతో కలిసి పరీక్షలు రాశాడు.

నాలుగేళ్లకే బయటికొస్తే నీకు ఆ కాగితం కూడా రాదు బిడ్డా. మీది నాలుగేళ్ల సర్వీసు, అందులో ఉంచుకునేది నూటికి ఇరవై అయిదు మంది దాకానే. ఆ ఇరవై అయిదులో నువ్వుండాలని మీ అమ్మ భద్రకాళమ్మకు మొక్కింది. నేనూ మొక్కిన. ఉన్నా లేకున్నా డిగ్రీ నీదై ఉండాలి. రేపు గ్రూప్-2 రాయాలన్నా, కాకతీయలో ఎంఏ చేయాలన్నా అడిగేది అదే.

నైట్ డ్యూటీ దిగి పుస్తకం తెరిస్తే కళ్లు మూతలు పడతాయని నాకు తెలుసు. ఆ రోజు పడుకో. మర్నాడు మాత్రం తెరువు.

యూనిట్ వదిలేలోపే ట్రేడ్ టెస్టు, కోర్సు కాగితాలన్నీ జిరాక్సులతో సహా తీసుకో. బయటికొచ్చాక రికార్డ్స్ ఆఫీసుకు ఉత్తరాలు రాస్తూ తిరగడం ఎంత కష్టమో చూసినవాణ్ని. ఇంకోటి, నీ పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందుంది. ఆర్మీ రికార్డులో, ఆధార్‌లో ఎట్లా ఉందో చూసుకో. అక్షరం తేడా ఉన్నా అడ్మిషన్‌కు ముందే సరిచేయించు. మూడింటి ఫొటోలు ఈ ఆదివారంలోగా నాకు వాట్సాప్ చెయ్యి, నేనూ ఓసారి చూస్తా.

మీ మామ