కొత్తగా డి అండ్ డి మొదలుపెట్టేవాళ్లకు ఏ లోకం మంచిది? నా ఓటు డార్క్ సన్‌కే

"నలుగురు స్నేహితులం డంజన్స్ అండ్ డ్రాగన్స్ మొదలుపెడదామనుకుంటున్నాం, ఏ లోకంలో ఆడితే బాగుంటుంది?" అని ఒకరు అడిగారు. ఒకరు కథ నడుపుతుంటే మిగతావాళ్లు అందులో పాత్రలై టేబుల్ చుట్టూ కూర్చుని ఆడే ఆట ఇది, కథ జరిగే ఊహాలోకాన్ని ముందే ఎంచుకోవాలి. చాలామంది ఫర్గాటెన్ రెల్మ్స్ అంటారు. తప్పేం లేదు. 1987 నుంచి దాని మీద పుస్తకాలు వస్తున్నాయి, బాల్డర్స్ గేట్ వీడియో గేమ్ ఆడినవాళ్లకు ఊళ్ల పేర్లు కూడా ముందే తెలిసి ఉంటాయి. నన్నడిగితే మాత్రం డార్క్ సన్. కొత్తవాళ్లకు అది కష్టం అనేవాళ్ల మాట నేను ఒప్పుకోను. నేను మొదట ఆడింది అదే.

ఎంఎస్ చదవడానికి అమెరికాలోని మిల్వాకీ వెళ్లినప్పుడు మా ల్యాబ్‌లో ఒక సీనియర్ దగ్గర 1991 నాటి డార్క్ సన్ పెట్టె (ఆ లోకం పుస్తకాలు, మ్యాపులు ఉన్న సెట్) ఉండేది. దాన్ని తెచ్చిన టీఎస్‌ఆర్ కంపెనీ అప్పట్లో ఉండేది అక్కడికి దగ్గర్లోనే ఉన్న లేక్ జెనీవాలో, అది సరస్సు ఒడ్డున ఉన్న ఊరు. అంత నీళ్ల పక్కన కూర్చుని నీళ్లే లేని లోకాన్ని ఎలా ఊహించారా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యం. ఆ లోకం పేరు అథాస్. అక్కడ మంత్రం వేయాలంటే చుట్టూ ఉన్న చెట్టూచేమల ప్రాణం లాగాలి. వేల ఏళ్లు అలా లాగీ లాగీ భూమి ఎడారైపోయింది. దేవుళ్లు లేరు. ఊళ్లను మాంత్రిక రాజులు ఏలుతుంటారు. ఇనుము దొరకదు కాబట్టి కత్తులు ఎముకతోనో, రాయితోనో, నల్లటి అబ్సిడియన్‌తోనో చేసుకుంటారు, అవి పోట్లాటలో విరుగుతాయి. నాణేలు కూడా కాల్చిన మట్టివే. లోహం లేని వస్తువు మామూలు ధరలో నూరో వంతుకు వస్తుంది, లోహానికి మాత్రం పూర్తి ధర కట్టాలి.

నేను ఒక మల్ గ్లాడియేటర్‌ని ఆడాను. మల్ అంటే మనిషికీ, డ్వార్ఫ్ అనే పొట్టి జాతికీ పుట్టినవాడు. టీర్ అనే ఊళ్లో గ్లాడియేటర్ల బరిలో ఆరు సెషన్లు పోరాడి ఒక ఉక్కు బాకు సంపాదించాను. మా గుంపులో అలాంటిది అదొక్కటే. మాతో ఒక మాంత్రికుడు, గొల్లభామ పురుగులాంటి థ్రీ-క్రీన్ ఒకటి (దానికి నిద్ర లేదు, నీళ్లు కూడా పెద్దగా అక్కర్లేదు), ఒక హాఫ్ జెయింట్ (సగం రాక్షసజాతి మనిషి) ఉండేవారు. హాఫ్ జెయింట్‌ని ఆడే అమ్మాయిది ఆ చుట్టుపక్కల ఊరే. పుట్టినప్పటి నుంచి నీళ్ల కరువు చూసి ఎరగదు.

ఒక రాత్రి ఆడుతున్నాం, బయట మంచు కురుస్తోంది, హీటర్ శబ్దం చేస్తోంది. ఆటలో మేం టీర్ నుంచి ఊరిక్ అనే ఇంకో ఊరికి వెళ్తున్నాం. మ్యాప్ మీద ఉన్న బావి దగ్గరికి చేరేసరికి అది ఇసుకతో పూడిపోయి ఉంది. మా దగ్గర మిగిలింది పద్నాలుగు గ్యాలన్లు. ఊరిక్‌కి ఇంకా ఐదు రోజుల నడక. మాంత్రికుడికి రోజుకు ఒక గ్యాలన్, నాకు ఒకటి. హాఫ్ జెయింట్‌కి నలుగురి నీళ్లు కావాలని ఆట నడిపే మా డీఎమ్ మొదట్లోనే చెప్పాడు. అంటే రోజుకు ఆరు, ఐదు రోజులకు ముప్ఫై.

ఎవరూ మాట్లాడలేదు. ఆ అమ్మాయి కాగితం మీద లెక్క వేసుకుని, "ఇందులో ఇరవై నావే. నేను ఇక్కడే ఉండిపోతాను, మీకు పద్నాలుగు చాలు" అంది. ఆటే అయినా నాకు గొంతు పట్టుకుంది. ఎందుకంటే ఆ లెక్క నాకు తెలుసు. మాది అనంతపురం. బోరు ఎండిపోయిన ఎండాకాలాల్లో కాలనీకి ట్యాంకర్ వస్తే ఇంటికి ఇన్ని బిందెలని ఉండేది. తాగడానికి ఎన్ని, వంటకు ఎన్ని, గిన్నెలకు ఎన్ని అని అమ్మ వరసగా సర్దేది. ఆఖర్న తలస్నానం మానుకునేది అమ్మే. నాకు మాటిమాటికీ అదే గుర్తొచ్చింది.

అప్పుడు మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఎండాకాలం పొలం పని తెల్లారకముందే ముగించుకుని, పొద్దెక్కాక వేపచెట్టు నీడ వదిలేది కాదు. "పగలు బండల నీడలో పడుకుందాం, రాత్రి నడుద్దాం" అన్నాను. అలాగైతే సగం నీళ్లు చాలని డీఎమ్ ఒప్పుకున్నాడు. ఐదు రాత్రులకు పదిహేను. ఇంకా ఒక్క గ్యాలన్ తక్కువ. ఆ ఒక్క గ్యాలన్ కోసం మేం గంటసేపు వాదించుకున్నాం. అథాస్‌లో డిఫైలర్లు నేలను బూడిద చేసి శక్తి లాగుతారు, మా మాంత్రికుడు నేలను చంపకుండానే మంత్రం వేస్తానని ఒట్టు పెట్టుకున్న ప్రిజర్వర్. ఆ రాత్రి మొదటిసారి ఆ ఒట్టు గురించి తడబడ్డాడు.

రెండో రాత్రి ఎల్ఫ్ వ్యాపారులు ఎదురయ్యారు. ఈ లోకంలో ఎల్ఫులు అడవి దొరలు కాదు, ఎడారిలో పరుగెత్తే సంచార వ్యాపారులు. ఒక తోలుతిత్తి నిండా నీళ్లకు నా ఉక్కు బాకు అడిగారు. ఆరు సెషన్ల కష్టం అది. టేబుల్ మీదున్న నా క్యారెక్టర్ షీట్‌లో ఆ గీతను నేనే చెరిపేశాను. ఆ అమ్మాయి నా వైపు చూసి ఏమీ అనలేదు, లేచి వెళ్లి అందరికీ టీ పెట్టింది.

అందుకే కొత్తవాళ్లకు ఈ లోకం అంటున్నాను. వేరే లోకాల్లో మొదటి రోజే రెండొందల మంత్రాలు, ఇరవై జాతులు చదవాలి. ఇక్కడ దాహం అర్థమైతే చాలు, అది చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది. కానీ చాలామంది "నీళ్లూ తిండీ లెక్కపెట్టడం బోరు, వదిలేద్దాం" అంటారు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. ఐదో ఎడిషన్ రూల్స్‌తో ఆడితే అది తేలికగా జరిగిపోతుంది. అందులో మొదటి లెవెల్ క్లెరిక్ (పూజారి పాత్ర) ఒక్క స్పెల్‌తో పది గ్యాలన్ల నీళ్లు పుట్టిస్తాడు. గుడ్‌బెర్రీ అనే స్పెల్‌తో వచ్చే ఒక్కో పండు ఒక్కో మనిషికి ఒక రోజు తిండి. ఈ రెండూ ఉన్న ఎడారి ఎడారే కాదు. ఐదో ఎడిషన్‌తోనే ఆడతామంటే ఆ రెండు స్పెల్స్‌నూ ముందే తీసేయండి, మొహమాటపడకండి.

ఇంకొకటి. ఈ లోకం నిండా బానిసత్వం ఉంటుంది. దాన్ని ఎంతవరకు చూపించాలో నలుగురూ ముందే కూర్చుని మాట్లాడుకోండి. మేం అలా మాట్లాడుకోలేదు, మూడో సెషన్‌లో ఒకరికి చాలా ఇబ్బంది అయింది.

పాత పెట్టె కోసం డబ్బు తగలేయక్కర్లేదు, పీడీఎఫ్‌లు డీఎమ్స్ గిల్డ్ అనే వెబ్‌సైట్‌లో అమ్ముతున్నారు. 2010లో వచ్చిన నాలుగో ఎడిషన్ పుస్తకం కూడా ఉంది, కానీ వాండరర్స్ జర్నల్ అనే పాత పుస్తకమే ముందు చదవండి. మొదటి లెవెల్ నుంచి మొదలుపెట్టకండి, ఆ పెట్టె రూల్స్ ప్రకారం మూడో లెవెల్ నుంచే మొదలు. ప్రతి ఒక్కరి షీట్ మీద పై మూలన నీళ్లకు ఒక గడి గీయండి. పెన్సిల్‌తోనే రాయండి, ప్రతి రాత్రీ చెరిపి మార్చాల్సి వస్తుంది.