చదివింది గుర్తుండాలంటే, అభిప్రాయం రాయాలంటే

అన్నా, తిరుపతి లైబ్రరీ నుంచి మధురాంతకం రాజారాం గారి కథలు, తిరుమల గుడి చరిత్ర ఒకటి తెచ్చి వారంలో ముగించినా, రాయబోతే కథాసారాంశం తప్ప ఏమీ రావడం లేదన్నారు కదా. మీ జ్ఞాపకశక్తికేం కాలేదు, చదివే తీరు మార్చుకుంటే చాలు.

కథల సంపుటాన్ని నవలలాగా ఏకబిగిన చదవకూడదు. వరసగా పది చదివితే ఒక కథలోని రైతు ఇంకో కథలోని మనిషితో కలిసిపోతాడు. రోజుకు ఒకటి, మహా అయితే 2. కథ అవగానే పుస్తకం మూసి 3 వాక్యాలు రాయండి: ఎవరు ఏం కోరుకున్నారు, ఎక్కడ మలుపు తిరిగింది, ఏ మాట మనసులో నిలిచింది. చూసి రాస్తే నకలే అవుతుంది, గుర్తుండదు. లైబ్రరీ పుస్తకంలో గీతలు మాత్రం దయచేసి వద్దు. పోస్టుకార్డంత అట్టముక్క మీద పేజీ నంబరు, పక్కన రెండు మాటలు చాలు. పేజీకి నాలుగేసి రాస్తున్నారంటే ఏరుకోవడం మానేసినట్టే.

చరిత్ర పుస్తకానిది వేరే లెక్క. అధ్యాయానికి రచయిత వాదన ఒక వాక్యం, దానికి చూపిన ఆధారం ఇంకో వాక్యం. ఆ ఆధారం శాసనమా, స్థలపురాణమా, విన్నమాటా? తిరుమల శాసనాలను దేవస్థానమే 6 సంపుటాలుగా అచ్చువేసింది కాబట్టి, శాసనం నంబరు ఇచ్చిన రచయితను మీరే సరిచూడొచ్చు. నంబరే ఇవ్వని పుస్తకానికి నేనైతే అంత విలువ ఇవ్వను.

అభిప్రాయం 2 రోజులు ఆగి రాయండి. 15 లైన్లలో సారాంశం 3 దాటనీయకండి, కథ ముగింపు బయటపెట్టకండి. "బాగుంది" అన్న ప్రతిచోటా అట్టముక్క చూసి, ఏ పేజీలో ఏ వాక్యం ఎందుకు బాగుందో రాయండి.