లైట్లు, కుర్చీలు, వంటింటి సామాన్లు: ప్రొడక్ట్ డిజైనర్ అన్నీ చేయొచ్చా, ఏదో ఒకటే ఎంచుకోవాలా?

మీరు అడిగింది రెండు ముక్కల్లో: మెకానికల్ బీటెక్ తర్వాత ప్రొడక్ట్ డిజైన్‌లోకి వచ్చి లైటింగ్, ఫర్నిచర్, రోజూ వాడే వస్తువులు మూడూ చేయాలని ఉంది, సీనియర్లేమో "ఒక్కదాంట్లోనే పేరు తెచ్చుకో" అంటున్నారు, ఎవరి మాట వినాలి? హైదరాబాద్‌లో ఉండి ఈ పని చేయడం కుదురుతుందా? నేను చాలా ఏళ్లుగా ఈ ఊళ్లోనే ఈ మూడు పనులూ చేస్తున్నాను. నాకు తెలిసినంత చెబుతాను.

మూడూ చేయొచ్చు. మీ సీనియర్లు స్పెషలైజ్ అవ్వమనడం కూడా తప్పేం కాదు. కాకపోతే వస్తువును బట్టి కాదు, తయారీ పద్ధతిని బట్టి స్పెషలైజ్ అవ్వండి. రేకు పని బాగా తెలిసినవాడికి లైటు, స్టూలు, పోపులపెట్టె పెద్ద తేడా ఉండవు.

బేగంబజార్ కొట్లలో కనిపించే గిన్నెల్లాంటివి చేసే చిన్న వర్క్‌షాపుల్లో స్పిన్నింగ్ అనే పని ఉంటుంది. గుండ్రంగా కోసిన అల్యూమినియం, ఇత్తడి రేకును లేత్ మీద అచ్చుకి ఆనించి బిగిస్తారు. అది గిర్రున తిరుగుతుండగా పొడవాటి కడ్డీతో నొక్కుతూ పోతే రేకు మన కళ్ల ముందే గిన్నెగా మారుతుంది. దాన్నే బోర్లించి నడిమధ్య బెజ్జం పెడితే వేలాడే లైటుకి షేడ్ అవుతుంది. నేను పెండెంట్ లైటు షేడ్లు అలాంటి చోటే చేయించాను. లేత్ మీదున్న పెద్దాయన నా డ్రాయింగ్ అటూ ఇటూ తిప్పి చూసి, "గింత సన్నం అంచైతే చీలిపోతది సార్, జర లోపలికి మడత పెడదాం" అన్నాడు. ఆ మడతతో అంచుకి బలం వచ్చింది, తుడిచేటప్పుడు చెయ్యి తెగే భయం పోయింది, కింద నిలబడి చూస్తే బల్బు అంచు కూడా కనబడకుండా పోయింది. తర్వాత అదే మడతని ఒక స్టూలు సీటుకీ, టీ ట్రేకీ వాడాను. కాలేజీలో ఎవరూ చెప్పని విషయం ఇది.

తమాషా ఏమిటంటే చట్టం మాత్రం వీటిని వేరువేరుగానే చూస్తుంది. 2000 నాటి డిజైన్స్ చట్టం కింద రిజిస్టర్ చేసేటప్పుడు ఫర్నిచర్ 6వ తరగతి, ఇంటి సామాన్లు 7వ తరగతి, లైట్లు 26వ తరగతి. రక్షణ 10 ఏళ్లు, ఆపైన మరో 5 ఏళ్లు పొడిగించుకోవచ్చు. దరఖాస్తు పెట్టకముందే ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటో పెట్టేస్తే కొత్తదనం పోయినట్టే లెక్క, జాగ్రత్త.

తయారీ ఒకటే అయినా ఏది ఎక్కడ చెడిపోతుందో మాత్రం వేరువేరుగా నేర్చుకోవాలి. నా మటుకు డిజైనర్ పనిలో సగం ఇదే.

లైట్ల దగ్గర అసలు శత్రువు వేడి. ఎల్ఈడీ చల్లగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. వెలుగులో వేడి తక్కువే గానీ, చిప్ వెనక పుట్టే వేడి ఎటో ఒకవైపు పోవాలి కదా. అందుకే అల్యూమినియం బాడీ. అయినా మొదట పోయేది చాలాసార్లు ఎల్ఈడీ కాదు, దాని డ్రైవర్, అంటే కరెంటును ఎల్ఈడీకి తగ్గట్టు మార్చి ఇచ్చే చిన్న పెట్టె. లోపలుండే, కరెంటును కాసేపు నిల్వచేసే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్‌కి ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందని లెక్క. మన ఊళ్లో మే నెల మధ్యాహ్నం, పై అంతస్తు ఫ్లాట్‌లో, ఫాల్స్ సీలింగ్ పైన గాలాడని సందులో ఆ డ్రైవర్ పరిస్థితి ఊహించుకోండి. నేను చేసే ఏ లైటులోనైనా డ్రైవర్‌ని ఒక స్క్రూ విప్పి మార్చుకునేలా పెడతాను. అందం కోసం అంతా అతికించేసిన లైటు నాకు నచ్చదు, ఎంత ఖరీదైనదైనా సరే.

ఇంకో గొడవ రంగుది. డిజైనర్లంతా 2700, 3000 కెల్విన్ వెచ్చటి పసుపు వెలుగు అంటారు (కెల్విన్ అంటే వెలుగు రంగు కొలత, అంకె పెరిగేకొద్దీ తెలుపెక్కుతుంది). మన ఇళ్లలో 6500 తెల్ల వెలుగే కావాలంటారు. ఒక క్లయింటు వాళ్లమ్మగారు నా లైటు చూసి "ఏంటి బాబూ, ఓల్టేజీ తక్కువగా ఉందా?" అని అడిగారు. నవ్వొచ్చింది గానీ ఆవిడ మాటలో న్యాయముంది. వోల్టేజీ పడిపోతే ఫిలమెంట్ బల్బు ఎర్రబారడం చూస్తూ పెరిగిన తరం అది, వాళ్లకి పసుపు వెలుగంటే కరెంటు సమస్యే. అప్పట్నుంచి హాల్లో 3000, వంటింట్లో 4000 పెడుతున్నాను. కెల్విన్ కన్నా సీఆర్ఐ (ఆ వెలుగులో రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) మీద ఎక్కువ పట్టుబట్టండి. 90 దాటితే చీర రంగు, కూర రంగు ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తాయి.

ఫర్నిచర్‌లో చెడిపోయేది జోడింపు. కుర్చీ మీద నిటారుగా కూర్చున్నప్పుడు ఏమీ కాదు, వెనక్కి వాలి రెండు కాళ్ల మీద ఊగినప్పుడు వెనక కాలు సీటును కలిసే చోట బరువంతా పడుతుంది. విదేశీ కొలతలు తెచ్చి దించితే కూడా కుదరదు. మనవాళ్లు కుర్చీలో బాసింపట్టు వేసుకుంటారు, ఒక కాలు పైకి పెట్టుకుంటారు, కాబట్టి సీటు వెడల్పుండాలి, కుర్చీ చేతులు అడ్డు రాకూడదు. ఎత్తు అందరూ 450 మిల్లీమీటర్లు పెడతారు, నేను 420 దగ్గర ఆపుతాను, మా అమ్మ ఎత్తువాళ్లకి కాళ్లు నేలకి ఆనాలి. రోజూ తడిగుడ్డ పెట్టే ఇళ్లు మనవి. ప్లైవుడ్ కాలు అడుగు నుంచి నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, అందుకని అడుగున నైలాన్ బుష్ (తొడుగు) ఉండాల్సిందే. చీపురు దూరేంత ఖాళీ లేని సోఫాని పనిమనిషి తిట్టుకుంటుంది, ఆ తిట్లు డిజైనర్‌వే. ఇక అసలు చెక్క అయితే పొడవున దాదాపు కదలదు, అడ్డంగా కదులుతుంది. ఎండాకాలం కుంచించుకుని వానాకాలం ఉబ్బే బల్ల పైచెక్కని గట్టిగా స్క్రూలతో బిగిస్తే పగులుతుంది. స్క్రూ బెజ్జం కాస్త పొడవుగా తీస్తే సరిపోతుంది.

రోజువారీ వస్తువులు చిన్నవే గానీ నాకు అన్నిటికన్నా కష్టంగా అనిపించేవి ఇవే. స్టీలు సామాను తూకం మీద అమ్మే అలవాటున్న చోట రేకు మందం కాస్త పెరిగినా ధర మారిపోతుంది, డిజైన్‌కి కిలో రేటేమీ లేదు మరి. పోపులపెట్టె తీసుకోండి. ఎండుమిర్చి ఆ చిన్న గిన్నెలో పట్టదు, విరిచి కుక్కుతారు. తడిచేత్తో మూత రాదు. ఈ రెండూ వంటింట్లో నిలబడి చూస్తే తప్ప తెలియవు. స్టీలు కొనేటప్పుడు "మ్యాగ్నెట్ అంటుకోలేదు, 304 రకమే" అని, అంటే తుప్పు త్వరగా పట్టని మేలురకమని, ఎవరైనా అంటే నమ్మకండి. నికెల్ తగ్గించి మాంగనీస్ పెంచిన 202 రకానికీ మ్యాగ్నెట్ అంటుకోదు, కానీ ఉప్పు డబ్బా చేస్తే మచ్చలు పడే అవకాశం దానికే ఎక్కువ.

మూడు రంగాల్లోనూ పనిచేసినవాళ్లలో నాకిష్టమైనది ఇటలీకి చెందిన డిజైనర్ అకీలే కస్తిలియోని. అన్న పియేర్ జాకొమోతో కలిసి 1962లో చేసిన, విల్లులా వంగి ఉండే ఆర్కో లైటుని ప్రపంచమంతా కాపీ కొట్టింది. దాని పాలరాయి దిమ్మ సుమారు 65 కిలోలుంటుంది, అందులో ఒక రంధ్రం ఉంటుంది. అది అలంకారం కాదు, చీపురుకర్ర దూర్చి ఇద్దరు చెరోవైపు పట్టుకుని జరపడానికి. అదే అన్నదమ్ములు ట్రాక్టర్ సీటుతో స్టూలు చేశారు, కారు హెడ్‌లైటుతో నేల మీద పెట్టే దీపం చేశారు. 1968లో టేబుల్ లైటు వైరు మధ్యలో ఉండే చిన్న స్విచ్చు కూడా గీశారు. చీకట్లో వేలితో తడిమి నొక్కే ఆ స్విచ్చు ఎవరు చేశారో వాడేవాళ్లకి తెలియదు. నాకు ఆర్కో కన్నా ఆ స్విచ్చే గొప్పగా కనిపిస్తుంది.

హైదరాబాద్ సంగతికొస్తే, తయారు చేయించడానికి ఈ ఊరు బంగారం. ట్రూప్ బజార్‌లో లైట్లు, హోల్డర్లు, వైర్లు. రాణిగంజ్‌లో బోల్టుల నుంచి పైపుల దాకా. బాలానగర్, జీడిమెట్లలో షీట్ బెండింగ్, పౌడర్ కోటింగ్, అచ్చులు. బాలానగర్‌లోనే 1968లో పెట్టిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది, మెకానికల్ వాళ్లకి మంచి చోటు. నమూనాలు చేసుకోవడానికి రాయదుర్గంలో 2023లో తెరిచిన టీ-వర్క్స్ ఉంది. కాస్త దూరం వెళ్తే జనగామ దగ్గర పెంబర్తి ఇత్తడి పని, నిర్మల్‌లో పొనికి కర్ర. ఈ కళాకారుల దగ్గరికి "మీ కళని మోడ్రన్ చేస్తా" అంటూ మాత్రం వెళ్లకండి. పొనికి చాలా తేలికైన, మెత్తటి కర్ర, బొమ్మకి బ్రహ్మాండం. దాంతో కుర్చీ కాలు అడిగితే వాళ్లు మర్యాదగా నవ్వి ఊరుకుంటారు.

డబ్బు మాత్రం ఇక్కడ నెమ్మదిగా వస్తుంది. రాయల్టీ (అమ్మిన ప్రతి వస్తువు మీద వాటా) ఒప్పందం నాకు అరుదుగానే దొరికింది. ఎక్కువ ఆర్డర్లు ఇంటీరియర్ డిజైనర్లు, హోటళ్లు, కేఫ్‌ల నుంచే, అవీ ఒకేసారి ఫీజు పద్ధతిలో. నాకు లైట్లే ఇంటద్దె కట్టాయి, సామాన్లు ఇప్పటికీ ఇష్టం కోసం చేస్తున్నవే. కాబట్టి మొదట్లో ఉద్యోగం మానేయకండి. అడ్వాన్స్ సగం తీసుకోకుండా అచ్చు చేయించకండి, అచ్చు ఖర్చు క్లయింటుదేనని మెయిల్‌లో రాయించుకోండి.

పీజీ చేయాలనుంటే సీడ్ అనే డిజైన్ ప్రవేశపరీక్ష రాయండి, ఐఐటీ హైదరాబాద్‌లోనూ డిజైన్ విభాగం ఉంది. ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) ప్రవేశపరీక్ష వేరు. పోర్ట్‌ఫోలియోలో కంప్యూటర్లో గీసిన మెరిసే రెండర్లు ఇరవై పెట్టే బదులు, చేతికొచ్చిన ఒక్క నమూనా మొదటి రూపం నుంచి చివరిదాకా ఫొటోలు పెట్టండి. ఈ వేసవి సెలవుల్లో ఏదైనా రేకు వర్క్‌షాపులో కూర్చోనిస్తారేమో అడగండి. పొద్దున్నే సరుకు పంపే హడావిడి ఉంటుంది, మధ్యాహ్నం భోజనాలయ్యాక వెళ్తే ఓపిగ్గా మాట్లాడతారు.