కాలవ గట్టు మీద స్టీలు క్యారేజీ

సత్యనారాయణపురం,
విజయవాడ.

అమ్మా,

నువ్వు పంపిన డిటెక్టివ్ కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి హంతకుడెవరో తెలుసుకుందామని. తెలిశాక కూడా చదవబుద్ధవుతుందో లేదో చూద్దామని రెండోసారి. రెండోసారి నాలుగో పేజీ దాటలేకపోయాను. కోపం తెచ్చుకోకు.

ముందు చిన్న పొరపాటు చెబుతాను. మే నెలలో ఏలూరు కాలవలో ఆ పిల్ల శవం కొట్టుకొచ్చిందని రాశావు. వేసవిలో డెల్టా కాలవలు కట్టేస్తారు కదమ్మా! చెరువులు నింపడానికి మధ్యలో కాసిని తాగునీళ్లు వదులుతారేమో గానీ, శవాన్ని మోసుకొచ్చేంత పారుదల ఎక్కడిది? అయితే ఈ తప్పులోనే నీకో మంచి కథ దొరుకుతుంది. ఎండిన కాలవలో, వంతెన కింద గుర్రపుడెక్క మాటున శవాన్ని దాచారనుకో. బ్యారేజీ దగ్గర నీళ్లు వదిలిన రోజు అది కదులుతుంది. గట్టు మీద ఆడవాళ్లు కొత్తనీటికి పసుపు కుంకుమ వేసి దండం పెడుతుంటారు. వాళ్లలో ఆ పిల్ల తల్లి కూడా ఉంటుంది. ఇక నువ్వు విడిగా విషాదం రాయక్కర్లేదు.

'ప్లాట్ పరిగెత్తిస్తే ఎమోషన్ ఉండట్లేదు, ఎమోషన్ రాస్తే కథ ఆగిపోతోంది' అన్నావు. ఆగక ఏం చేస్తుంది? రెండింటికీ వేరు కాపురం పెట్టావు. ఒక అధ్యాయంలో ఎస్సై కాల్ డేటా తీస్తాడు. తర్వాతి అధ్యాయంలో మందు తాగుతూ చనిపోయిన భార్యని తలుచుకుంటాడు. (మన కథల్లో ఎస్సైల భార్యలంతా ఎందుకు చచ్చిపోతారో నాకు అర్థం కాదు. ఒక్కడికైనా ఇంటికొచ్చేసరికి పప్పుచారు కాచిపెట్టే మనిషి ఉండకూడదా?) అతని ఏడుపు తీసేసినా నీ కేసు ఆగదు. కేసు తీసేసినా అతని ఏడుపు ఆగదు. అక్కడే పట్టు జారింది.

ఇప్పుడు శవపంచనామా సీను చూడు. పోలీసుల విచారణ పద్ధతి చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీలో అది సెక్షన్ 174. 2024 జూలై 1 నుంచి దాని బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 194 అయింది. నీ కథ ఆ తేదీ తర్వాతే జరిగిందన్నావు కాబట్టి పాత ఐపీసీ 302 కూడా మార్చు, ఇప్పుడు హత్యకి కొత్త శిక్షాస్మృతి బీఎన్‌ఎస్‌లో 103. అంకెలదేముంది, సర్దుకోవచ్చు. ఆ కాగితం భాష గమనించు. బట్టల రంగు, ఒంటి మీది నగలు, పక్కన దొరికిన వస్తువులు, అన్నీ పొడిపొడిగా రాసుకుంటూ పోతారు. 'మూడు గిన్నెల స్టీలు క్యారేజీ ఒకటి. మూత మీద పేరు గోకేసి ఉన్నది. తేదీ కనబడుచున్నది.'

మన ఇళ్లల్లో స్టీలు సామాను మీద పేర్లు చెక్కించడం నీకు తెలుసు. కానుకగా ఇచ్చేదైతే ఇచ్చినవాళ్ల పేరు, కింద తేదీ. హంతకుడు పేరు గోకాడు గానీ తేదీ మర్చిపోయాడు. ఎస్సై ఆ క్యారేజీ తల్లి చేతికిస్తాడు. ఆమె తేదీ మీద బొటనవేలు పెట్టి ఒకసారి రాస్తుంది. కొంగుతో మూత తుడుస్తుంది. "మాది కాదండీ" అంటుంది.

నిజమే, వాళ్లది కాదు. ఎవరిదో గృహప్రవేశానికి ఆమే కొనిచ్చింది. గోకేసింది ఆమె పేరే.

ఆ తుడవడం దగ్గర ఒక్క వాక్యం కూడా ఎక్కువ రాయకు. 'ఆమె గుండె బద్దలైంది' అన్నావంటే క్లూ చచ్చిపోతుంది. ఎస్సై చేత అనుమానంగా చూపించినా అంతే. మొదటిసారి చదివేవాడు ఆమెకి సామాను శుభ్రం ఎక్కువనుకుని దాటిపోవాలి. అసలు సంగతి తెలిశాక వాడే వెనక్కి తిప్పి ఆ పేజీ వెతుక్కుంటాడు.

ఇదంతా నాకు పుట్టుకతో వచ్చిన తెలివి కాదు. అద్దె పుస్తకాల షాపుల రోజుల్లో నా మొదటి డిటెక్టివ్ నవల బాగానే తిరిగింది. గర్వంగా వెళ్లి షాపులో ఉన్న కాపీ చేతిలోకి తీసుకున్నాను. చివరి పది పేజీలు నలిగి నల్లబడ్డాయి. మధ్య పేజీలు కొత్త నోట్లలా ఫెళఫెళలాడుతున్నాయి. షాపాయన నవ్వి, "అందరూ హంతకుణ్ణి చూసుకుని ఇచ్చేస్తున్నారండీ" అన్నాడు. అద్దె ఎలాగూ వస్తోంది, ఆయనకేం బాధ!

నీ కథలో కాల్ డేటా ఉండనీ, అరపేజీలో ముగించు. ఎస్సై తాగుడు మొత్తం కొట్టెయ్. మిగిలిన చోటంతా ఆ తల్లికివ్వు: అబద్ధం చెప్పిన రాత్రి ఆమె ఎవరింటికి వెళ్లింది, అక్కడ అన్నం తిన్నదా లేదా.

తిరగరాసి పంపు. ఆ క్యారేజీ ఎవరికిచ్చిందో మాత్రం ఫోన్ చేసి చెప్పెయ్యకు. చదివి తెలుసుకుంటాను.

ఆశీస్సులతో,
మాస్టారు