సాఫ్ట్‌వేర్‌తో చేశానా, చేయించానా?

సందేహం: మాస్టారూ, నమస్కారం. నేను కంప్యూటర్‌లో కార్ రేసింగ్ సిమ్యులేటర్ ఆడతాను. 'అసెట్టో కోర్సా కాంపిటీజియోనే'లో కారు సెటప్ ఎలా చేసుకోవాలో తెలుగులో వీడియోలు చేస్తున్నాను. పరుగు వివరాలు గ్రాఫుల్లో చూపించే సాఫ్ట్‌వేర్ ఒకటి, సెటప్‌కి సలహాలిచ్చేది ఒకటి వాడతాను. ఒక వీడియో మొదట్లో 'సాఫ్ట్‌వేర్ ద్వారా కారు శృతి చేయబడిన విధానాన్ని చూపిస్తాను' అన్నాను. ముగ్గురు స్నేహితులు మూడు రకాలుగా దిద్దారు. 'శృతి' కాదు 'శ్రుతి' అని ఒకరు. కారేమైనా వీణా, శ్రుతి చేయడానికి అని ఒకరు. 'ద్వారా' కాదు 'చేత' అనాలని ఇంకొకరు. ఎవరు చెప్పింది సరి? అండర్‌స్టీర్, ఓవర్‌స్టీర్, బ్రేక్ బయాస్ లాంటివాటికి తెలుగులో మాటలున్నాయా?
– ఒక పాఠకుడు, గుంటూరు

సమాధానం: మీ ఉత్తరం చదివాక, తెలియని పనికి మాటలు చెప్పడం భావ్యం కాదనిపించి, ఓ సాయంత్రం మా మనవడి పక్కన కూర్చున్నాను. వాడూ మీ ఆటే ఆడతాడు. బల్లకి స్టీరింగ్ బిగించుకుని, ఇటలీలోని మొంజా ట్రాక్ మీద గంటకు 250 కిలోమీటర్లు దాటిన వేగంతో వచ్చి మొదటి మలుపు దగ్గర బ్రేకు వేయడం, రెండు మూడు ల్యాపులు తిరిగాక ఆపి, తెర మీద గీతలు చూసుకుని ఏదో ఒక అంకె మార్చడం, మళ్లీ బయలుదేరడం. రెండు గంటలు గడిచినా విసుగు పుట్టలేదు. వాడు మాట్లాడిన మాటలు మాత్రం కాగితం మీద రాసుకున్నాను. ఈ జవాబులో సగం ఆ కాగితంలోదే.

ముందు తేలికైనది తీర్చేద్దాం. 'శ్రుతి' సరైనది, 'శృతి' తప్పు. 'శ్రు' అంటే వినడం. శ్రోత, శ్రవణం, శ్రావ్యం అన్నీ ఆ ధాతువు నుంచే వచ్చాయి. తెలుగువాళ్లం 'ఋ'ని చాలాచోట్ల 'రు' అనే పలుకుతాం కాబట్టి చెవికి తేడా తెలియదు. పైగా 'శ్రుతి స్మృతులు' అని జంటగా అంటుంటాం. స్మృతిలో 'స్మృ' ధాతువు ఉంది కనుక అక్కడ ఆ గుర్తు న్యాయమే. పక్కనున్న శ్రుతికి కూడా అదే అంటుకుంది. మీ మొదటి స్నేహితుడు చెప్పింది నిజం.

రెండో స్నేహితుడితో నేను ఒప్పుకోను. కారు వీణ కాదు, సరే. మరి 'ట్యూన్' అనే ఇంగ్లీషు మాట ఎక్కడిది? అదీ సంగీతంలోదే. గ్రీకులో 'టోనోస్' అంటే సాగదీసి బిగించడం, ఆ బిగువుతో తీగ పలికే స్వరం. దాన్నుంచి టోన్, టోన్ నుంచి ట్యూన్. మన 'టెన్షన్' కూడా ఆ ఇంటి మాటే. సంస్కృతంలో 'తన్' అంటే సాగదీయడం. తంతువు, తంత్రి, సంగీతంలో తానం ఆ ధాతువులోంచి వచ్చినవే. ట్యూనూ తంత్రీ దూరపు చుట్టాలన్నమాట. ఇంగ్లీషువాళ్లు తీగ బిగింపుకి పెట్టుకున్న మాటను ఇంజనుకి వాడుకున్నప్పుడు, మనం శ్రుతిని కారు దాకా తీసుకెళ్తే తప్పేముంది?

పోలిక కూడా పైపైది కాదు. మృదంగ విద్వాంసుడు కచేరీకి ముందు చిన్న రాయి, కర్రముక్క పెట్టి అంచు చుట్టూ కొడుతూ శ్రుతి కలుపుకుంటాడు. ఎడమవైపు మూతకి తడిపిన రవ్వ ముద్ద అంటిస్తాడు. ఆ రోజు పాడేవారి శ్రుతి ఏదైతే దానికి తగ్గట్టు చేసుకోవాలి. ఇంట్లో కుదిరిన శ్రుతి హాలులోకి వెళ్లేసరికి, గాలిలో తేమ మారేసరికి జారిపోతుంది. మా మనవడు టైర్లతో పడిన పాటు అచ్చం ఇదే. ట్రాక్ వేడెక్కితే టైరులో గాలి ఒత్తిడి పెరుగుతుంది. బయలుదేరేటప్పుడు ఎంత ఉందన్నది కాదు, వేడెక్కాక 26, 27 పీఎస్ఐల మధ్య నిలబడుతుందా లేదా అన్నది వాడి లెక్క. ఎండ మారితే మళ్లీ మొదటికి. ఈ పనికి 'శ్రుతి చేసుకోవడం' కంటే అందమైన మాట నాకు తోచలేదు. 'కారు శ్రుతి కలిసింది', 'మబ్బు పట్టేసరికి శ్రుతి తప్పింది' అని నిరభ్యంతరంగా అనండి. ఒక్క జాగ్రత్త: 'అపశ్రుతి' మాత్రం వాడకండి. ఉత్సవంలో అపశ్రుతి, పెళ్లిలో అపశ్రుతి అని పత్రికలు రాసి రాసి ఆ మాటకి ప్రమాదం అనే అర్థం స్థిరపడిపోయింది. సెటప్ కాస్త తేడా చేసిందని మీరంటే, ఎవరికో దెబ్బ తగిలిందని విన్నవాళ్లు కంగారు పడతారు.

అయితే మొత్తం సెటప్‌ని శ్రుతి అనలేం. స్ప్రింగులు మార్చడం, వెనక రెక్క కోణం తగ్గించడం, నేల నుంచి కారు ఎత్తు సరిచేయడం, ఇవన్నీ శ్రుతికి ముందు జరిగే పనులు. వీణకి తీగలు కట్టడం వేరు, కట్టిన తీగల్ని శ్రుతి చేయడం వేరు. మొత్తానికి 'సెటప్' అనే మాటే ఉంచేయండి, అందరికీ తెలుసు. తెలుగు మాట కావాలని మనసు పీకితే 'అమరిక' కంటే 'సర్దుబాటు' వైపు మొగ్గుతాను. మీ ఆట పేరులోనే ఇందుకు దారి ఉంది. ఇటాలియన్‌లో 'అసెట్టో' అంటే అమరిక, సర్దిపెట్టిన తీరు. 'కోర్సా' అంటే పరుగు పందెం. 2014లో వచ్చిన అసెట్టో కోర్సాని, 2019లో వచ్చిన కాంపిటీజియోనేని తయారుచేసిన కూనోస్ సిములాజియోని ఇటలీ సంస్థే. 'అసెట్టో' ఇటాలియన్‌లో ఇల్లు సర్దుకోవడానికి వాడే క్రియకి దగ్గరి బంధువు. వాళ్లు ఇంట్లో మాటనే ట్రాక్ మీదికి తెచ్చుకున్నారు. మన సర్దుబాటులో ఇంకో గుణం కూడా ఉంది: ఒకటి వదులుకుని ఒకటి తెచ్చుకోవడం. మొంజాలో వెనక రెక్క కోణం తగ్గిస్తే తిన్నటి దారిలో వేగం వస్తుంది, మలుపులో వెనక చక్రాల పట్టు పోతుంది. రెండూ కావాలంటే కుదరదు. సర్దుకోవాలి.

ఇప్పుడు అసలైన సందేహానికి వద్దాం. ద్వారానా, చేతనా, తోనా?

పాత వ్యాకరణాల్లో తృతీయా విభక్తికి చేతన్, చేన్, తోడన్, తోన్ అని నాలుగు ప్రత్యయాలు చెప్పారు. మీ మూడో స్నేహితుడు బడిలో నేర్చుకున్నది గుర్తు పెట్టుకుని 'చేత' అన్నాడు. కానీ నేటి మాటలో పనిముట్టుకి 'తో'దే రాజ్యం. కత్తితో కోశాను అంటాం, కత్తి చేత కోశాను అనం. 'చేత' ఇప్పుడు ఎక్కువగా మనుషులకి మిగిలింది: పిల్లల చేత పద్యాలు చెప్పించాను, కూలీల చేత కలుపు తీయించాను. అక్కడ కూడా 'తో' చొరబడింది. 'ద్వారా' సంస్కృతం నుంచి వచ్చింది. 'ద్వారం గుండా' అన్నది దాని మొదటి అర్థం. అందుకే ఏదైనా ఒక దారిన మన దాకా చేరినప్పుడు అది చక్కగా అతుకుతుంది: పోస్టు ద్వారా వచ్చింది, టీవీ ద్వారా తెలిసింది. కారు పరుగు వివరాల నమోదుని టెలిమెట్రీ అంటారు కదా, మీరు 'టెలిమెట్రీ ద్వారా టైరు వేడి తెలిసింది' అంటే ఒక్క అక్షరం మార్చను. 'సాఫ్ట్‌వేర్ ద్వారా శ్రుతి చేశాను' అన్నప్పుడు మాత్రం, పని ఎవరు చేశారో ఆ ద్వారం వెనక దాక్కుంటుంది.

తెలుగులో ఆ సంగతి తేల్చేది విభక్తి కాదు, క్రియ. మన ఊళ్లలో రైతు మాట వినండి. 'ట్రాక్టర్‌తో దున్నాను' అంటే తానే నడిపాడు. 'ట్రాక్టర్‌తో దున్నించాను' అంటే ట్రాక్టర్ మాట్లాడాడు, నడిపింది వేరొకరు. 'మిషన్‌తో కోయించాం' అన్నా అంతే. రెండుచోట్లా 'తో'నే ఉంది. తేడా అంతా 'దున్ను', 'దున్నించు' అన్న క్రియలోనే ఉంది. దీనికి 'కొను' కూడా చేరితే నాలుగు మెట్లవుతాయి: చేశాను, చేసుకున్నాను, చేయించాను, చేయించుకున్నాను. ఇంత సన్నటి తేడాల్ని ఒక్క క్రియలో ఇమిడ్చే భాష చేతిలో ఉన్నప్పుడు 'ద్వారా' దగ్గర ఆగిపోవడం నాకు బాధగా ఉంటుంది.

మీ సాఫ్ట్‌వేర్లకి ఇది ఎలా వర్తిస్తుందో చూడండి. మీ ఆట పరుగు వివరాల్ని మోటెక్ ఫైళ్లుగా రాసిపెడుతుందని మా మనవడు చూపించాడు. మోటెక్ ఆస్ట్రేలియా సంస్థ, నిజమైన రేసు జట్లు కూడా వాడే సాఫ్ట్‌వేర్ అది. అది మీకు గీతలు చూపిస్తుంది అంతే. ఎక్కడ బ్రేకు వదిలారు, ఏ టైరులో గాలి ఒత్తిడి ఎంతకి చేరింది అన్నవి చూపించి ఊరుకుంటుంది. ఒత్తిడి మరీ పెరిగితే గాలి ఎక్కువైందని అర్థం చేసుకుని తగ్గించేది మీరు. అక్కడ 'మోటెక్‌లో చూసి సెటప్ చేసుకున్నాను' అనాలి. 'చూసి' అన్న అసమాపక క్రియ చాలు, ఏ విభక్తీ అక్కర్లేదు. రెండోది సలహా ఇచ్చేది. 'మలుపులోకి దిగేటప్పుడు కారు తిరగడం లేదు' అని మీరు చెబితే, ముందు చక్రాల వైపున్న యాంటీ రోల్ బార్‌ని (మలుపులో కారు పక్కకి ఒరగకుండా ఆపే కడ్డీని) మెత్తబరచమని అది చెబుతుంది. అక్కడ 'సాఫ్ట్‌వేర్ చెప్పినట్టు మార్చాను' లేదా 'సాఫ్ట్‌వేర్‌ని అడిగి చేశాను' అనండి. అంకెలన్నీ అదే నింపి ఫైలు చేతికిచ్చే రకమైతే నిజాయితీగా 'సాఫ్ట్‌వేర్‌తో చేయించుకున్నాను'. వీడియో చూసి నేర్చుకునే కుర్రవాడికి ఈ మూడింటి మధ్య తేడా చాలా పెద్దది. మీ చేతి అనుభవం ఎంత, యంత్రం లెక్క ఎంత అన్నది మీ క్రియే వాడికి చెప్పాలి. ఈ రోజుల్లో సంగీతం నేర్చుకునే పిల్లలు ఫోన్‌లో ముల్లు చూసి తంబురా శ్రుతి చేసుకుంటున్నారు. ముల్లు మధ్యలో నిలబడ్డాక కూడా మంచి గురువు 'ఇప్పుడు విను' అంటారు.

'చేయబడిన' గురించి రెండే మాటలు. తెలుగులో కర్మణి వాక్యం ఉంది కానీ నోట్లో లేదు. 'అన్నం వండబడింది' అని ఏ ఇంట్లోనూ వినం. 'చేసిన విధానం' చాలు.

ఇక అండర్‌స్టీర్, ఓవర్‌స్టీర్. ఈ పేర్లకి బదులుగా ఒక సంస్కృత సమాసం తయారుచేసి మీ చేతిలో పెట్టడం నాకు పెద్ద పని కాదు, మీరు దాన్ని ఒక్కసారి వాడి వదిలేస్తారు. మా మనవడి కాగితం చూడండి. నాకు వివరించేటప్పుడు వాడు బుద్ధిగా 'అండర్‌స్టీర్ అవుతోంది తాతయ్యా' అన్నాడు. తర్వాత ఆటలో పడి, నేను పక్కనున్న సంగతి మరిచిపోయి, 'అబ్బా, తిరిగి చావదే!' అన్నాడు. కాసేపటికి 'మూతి బయటికే పోతోంది'. మరో మలుపులో 'వెనక జారిపోతోంది', అదే ఓవర్‌స్టీర్. అవే మీకు కావలసిన మాటలు. పేరు ఇంగ్లీషులో ఒకసారి చెప్పి, జరిగేది తెలుగు క్రియతో చెప్పండి: 'ఇక్కడ అండర్‌స్టీర్ వస్తోంది, అంటే స్టీరింగ్ తిప్పినా మూతి తిరగడం లేదు.' 'బండి ఎడమకి లాగుతోంది' అని ఏ మెకానిక్ దగ్గరికి వెళ్లి చెప్పినా వెంటనే అర్థమవుతుంది కదా. ఆ వరసలోవే ఇవీ.

ఒకచోట మాత్రం మీరు పొరపడే వీలుంది. 'స్ప్రింగు బిగించాను' అంటే తెచ్చి అమర్చాను అనే వింటారు. దాని బిగువు పెంచిన సంగతి చెప్పాలంటే 'గట్టి స్ప్రింగు వేశాను' అనండి, తగ్గిస్తే 'మెత్తటిది వేశాను'. క్యాంబర్ (చక్రం ఒరిగిన కోణం), డ్యాంపర్ (స్ప్రింగు ఊగుని అదుపు చేసేది) లాంటి పేర్లు అలాగే ఉంచండి. వీల్ అలైన్‌మెంట్ షాపుల్లో క్యాంబర్ అందరి నోటా ఉన్న మాటే.

బ్రేక్ బయాస్‌కి, అంటే బ్రేకు బలం ముందు చక్రాలకి ఎంత, వెనక చక్రాలకి ఎంత అన్న పంపకానికి మాత్రం నా దగ్గర ఒక మాట ఉంది, ఇష్టంగా ఇస్తున్నాను: మొగ్గు. 'బ్రేకు మొగ్గు ముందుకి 56 శాతం' అని చూడండి, ఎంత సులువుగా పలుకుతుందో. ఈ మాట చక్రాలకి కొత్త కాదు. రెండు చక్రాల ఎద్దుబండిలో బరువు ముందుకి మొగ్గితే ఎడ్ల మెడల మీద పడుతుంది, వెనక్కి మొగ్గితే కాడి పైకి లేస్తుంది. బస్తాలు ముందుకో వెనక్కో జరిపి సరిచేసేవారు. బ్రేకులోనూ అంతే. మొగ్గు ముందుకి ఎక్కువైతే ముందు చక్రాలు పట్టేసి మూతి తిరగదు. వెనక్కి ఎక్కువైతే వెనక జారి కారు గిరుక్కున తిరుగుతుంది. ఈ మాట మా మనవడికి చెప్పాను. తర్వాతి ల్యాపుకి ముందు వాడంతట వాడే 'మొగ్గు ఒక పాయింట్ వెనక్కి పెడదాం తాతయ్యా' అన్నాడు.

మీ వీడియో మొదటి వాక్యాన్ని నేనైతే ఇలా అంటాను: 'మొంజాకి ఈ కారు సెటప్ ఎలా చేసుకున్నానో, టెలిమెట్రీ చూసి దాన్ని ఎలా శ్రుతి చేశానో చూపిస్తాను. ఏ అంకె నేను మార్చానో, ఏది సాఫ్ట్‌వేర్ చెబితే మార్చానో ఎక్కడికక్కడ చెబుతాను.'